పడమటి ముఖం ఇల్లు: అదనపు సొమ్ము ముందు దేనికి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో నౌపడకు దగ్గరి గ్రామం. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిని. మా మామగారు కట్టించిన బంగళా పెంకుల ఇంటిని తీసి, అదే ఆరు సెంట్ల స్థలంలో సంక్రాంతి తరువాత వెయ్యి చదరపు అడుగుల కొత్త ఇల్లు మొదలుపెడుతున్నాం. వీధి పడమట ఉంది. కరెంటు తక్కువ ఖర్చయ్యేలా, పర్యావరణానికి చేటు చేయని విధంగా కట్టుకోవాలని మా కోరిక. ఏఏసీ ఇటుకలు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మెలు), రెండు పొరల అద్దాల కిటికీలు, సోలార్ పలకలు, గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఉండాలని బెంగుళూరులో పనిచేసే మా అబ్బాయి అంటున్నాడు. అవన్నీ వృథా ఖర్చని మేస్త్రి అంటున్నాడు. స్లాబు వేస్తే రాత్రి నిద్ర పట్టదని, పెంకుటిల్లే చల్లన అని మా అత్తగారు బెంగపడుతున్నారు. మామూలు ఇంటికి అయ్యేదానిపై మరో రెండున్నర లక్షలు మాత్రం పెట్టగలం. వాస్తు ప్రకారం నైరుతి గది మా దంపతులది. బోరు నీరు కొంచెం ఉప్పగా ఉంటుంది. ఆ రెండున్నర లక్షలు ముందు దేనికి పెట్టమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ముగ్గురి మాటలు ఉన్నాయి. వాటిలో ఈ నేల వాతావరణాన్ని సరిగ్గా పట్టుకున్నది మీ అత్తగారి మాట. అలాగని పెంకుటిల్లే మళ్ళీ కట్టమని నేను చెప్పడం లేదు. ఆవిడ భయపడుతున్న వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుని, సొమ్మును అక్కడే పెట్టమంటున్నాను. మీ ఊళ్ళో వేడి ఇంట్లోకి రావడానికి పెద్ద దారి పైకప్పు, రెండవ దారి పడమటి గోడ. ఈ రెంటినీ కట్టడి చేసి, సముద్రపు గాలికి దారి ఇచ్చిన తరువాత మిగిలినదే సోలార్ పలకలకు వెళ్ళాలి. వరుస తిరగబడితే, వేడెక్కిన ఇంటిని చల్లబరచడానికి కరెంటు తయారు చేసుకున్నట్టు అవుతుంది.

మే నెల ఎండలో మన తీరాన ఒక చదరపు మీటరు కప్పు మీద రోజుకు దాదాపు 6 యూనిట్ల సూర్యశక్తి పడుతుంది. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు కాబట్టి, మీ కప్పు మీద ఒక్క రోజులో పడే వేడి 550 యూనిట్ల పైమాటే. ఏసీ వాడకం మితంగా ఉన్న మధ్యతరగతి ఇంటికి ఇది సుమారు రెండు నెలల కరెంటు వాడకంతో సమానం. పాతబడి నల్లబడిన స్లాబు ఇందులో సగానికి మించి పీల్చుకుంటుంది. ఐదంగుళాల కాంక్రీటు ఆ వేడిని పగలంతా దాచుకుని, పొద్దు వాలాక నింపాదిగా గదిలోకి వదులుతుంది; రాత్రి పదింటికి ఫ్యాను వేస్తే వేడి గాలి కొట్టడానికి కారణం అదే. పెంకులు పలుచన కనుక వేడిని దాచుకోలేవు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది, కిందికి వాలిన చూరు గోడలకు నీడ పడుతుంది, పొద్దు గుంకిన గంటకే కప్పు చల్లబడుతుంది. మన మత్స్యకార గ్రామాల్లో తాటాకు చూరు ఇంచుమించు నేలదాకా దిగిన చుట్టిళ్ళు కూడా ఇదే తెలివితో కట్టినవి. పైగా గుండ్రని గోడను గాలి చుట్టి పోతుందే తప్ప ఎదురొడ్డి తోసెయ్యదు. కాబట్టి అత్తగారి బెంగ ఉత్త బెంగ కాదు.

అయితే తుఫానుల దారిలో ఉన్న ఊరికి స్లాబు అవసరమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీకు ఎంతో దూరంలో లేని పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మీరు కళ్ళారా చూసే ఉంటారు. అందుచేత స్లాబే వేయండి. కాని ఆ స్లాబులో మామగారి పెంకులనే వాడుకోండి.

ఇది కొత్త ఆలోచన కాదు. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి వందలాది ఇళ్ళలో వేసి చూపిన ఫిల్లర్ స్లాబు పద్ధతి ఇది. స్లాబు మధ్య భాగంలో అడుగున ఉండే కాంక్రీటు బరువు మోయడంలో పెద్దగా పాలుపంచుకోదు, లాగుడును భరించేది ఇనుమే. కనుక ఊచల గళ్ళ మధ్య ఆ చోటులో రెండు బంగళా పెంకులను ముఖాముఖీగా బోర్లించి, చుట్టూ, పైనా కాంక్రీటు పోస్తారు. రెండు పెంకుల మధ్య చిక్కిన గాలి వేడికి కొంత అడ్డుగా నిలుస్తుంది, సిమెంటు, ఇనుము కొంత ఆదా అవుతాయి, కింది నుంచి చూస్తే ఎర్రని పెంకుల వరుసలు కప్పుకు అందాన్ని ఇస్తాయి. దీనికి రెండు షరతులు ఉన్నాయి. గోడల దగ్గర, దూలాల దగ్గర ఎక్కడి వరకు పెంకులు పెట్టకుండా నిండు కాంక్రీటు ఉంచాలో, ఊచలు ఎంత ఎడంలో ఉండాలో స్ట్రక్చరల్ ఇంజనీరు గీసి ఇవ్వాలి. మేస్త్రి అంచనాకు వదలకూడదు. పెంకులను పోతకు ముందు నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే కాంక్రీటులోని నీటిని పీల్చేసి దాన్ని బలహీనం చేస్తాయి.

ఈ పెంకుల వల్ల వచ్చే చల్లదనం ఒక్కటే చాలదు. స్లాబు పైన, వాటర్ ప్రూఫింగ్ తరువాత, 40 మిల్లీమీటర్ల మందం గల గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ పలకలు పరచి, వాటి మీద వాలు కాంక్రీటు వేసి, అన్నిటికంటే పైన తెల్లని విరిగిన టైల్ ముక్కలు పొదగండి. ఇళ్ళలో ఇంధన పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి తెచ్చింది. పైకప్పు గుండా వేడి దిగే వేగాన్ని యూ విలువ అంటారు, అది 1.2 దాటరాదని ఆ నియమావళి చెబుతోంది. ఉత్త స్లాబుకు ఈ విలువ మూడుకు పైనే ఉంటుంది. నేను చెప్పిన ఫోమ్ పలకలు పరిస్తే ఒకటికి లోపలికి దిగుతుంది. అబ్బాయి ఈ పలకలను గది లోపల ఫాల్స్ సీలింగ్ పైన పెట్టమనవచ్చు, ఒప్పుకోకండి. పైన పరిస్తే స్లాబే నీడలో ఉంటుంది, ఎండకు వ్యాకోచించి చలికి ముడుచుకునే బాధ తగ్గి పగుళ్ళు కూడా తగ్గుతాయి, కింద పెంకుల అందమూ దాగదు.

విజయనగరంలో నేను ఇల్లు కట్టుకున్నప్పుడు నీరు కారకుండా ఉంటే చాలనుకుని డాబా మీద నల్లని తారు పూత వేయించాను. నీరు కారలేదు కాని, ఆ వేసవి అంతా పిల్లలను వసారాలో పడుకోబెట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆ పూత తీయించి, నేను పైన చెప్పినట్టే తెల్ల టైల్ ముక్కలు పొదిగించాను. ఆ వేసవి నుంచి పిల్లలు గదిలోనే పడుకున్నారు. డబ్బు సరిపోకపోతే టైల్ ముక్కలు తరువాత వేయించుకుని, అప్పటిదాకా ఏటా వానలు వెళ్ళాక రెండు పూతల సున్నం కొట్టించినా మేలే. ఫోమ్ పలకలను మాత్రం వాయిదా వేయకండి, వాటి కోసం తరువాత కప్పంతా తవ్వవలసి వస్తుంది.

ఇక పడమటి ముఖం. దీన్ని గురించి మన వాళ్ళకు తప్పుడు ధైర్యం ఒకటి ఉంది. కిటికీ పైన సజ్జా ఉంటే ఎండ రాదనుకుంటారు. దక్షిణపు కిటికీకి ఆ మాట నిజమే. మన అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు కాబట్టి, నాలుగడుగుల ఎత్తున్న దక్షిణపు కిటికీకి అడుగున్నర సజ్జా ఉంటే మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు, పుష్యమాసంలో మాత్రం హాయిగా వస్తుంది. పడమట సూర్యుడు కళ్ళకు ఎదురుగా, వంగి వస్తాడు. ఆ ఎండ సజ్జా కిందుగానే దూరిపోతుంది. అక్కడ ఆపగలిగింది లోతైన వసారా, నిలువు తడిక, చెట్టు నీడ మాత్రమే. వీధి అటే ఉంది కాబట్టి ఇంటి ముందు ఎనిమిది అడుగుల వసారా, దానికి అరుగు, వసారా ముందు దింపుకోవడానికి వెదురు తడికలు పెట్టండి. సాయంత్రం మీ అత్తగారు కూర్చునే చోటూ అదే అవుతుంది. వసారా పైకి పెంకులే కావాలనుకుంటే, చూరు వెంట, కొప్పు వెంట వాటిని గచ్చుతో బిగించి, వాసాలను ఇనుప పట్టీలతో గోడలోని కాంక్రీటు పట్టీకి కట్టించాలి. ఊరికే పేర్చిన పెంకులు తుఫాను రాత్రి మనుషుల మీదికే ఎగిరి వస్తాయి.

మరొక సంగతి తరచు మరచిపోతారు. మే నడుమ నుంచి జులై చివరి దాకా మధ్యాహ్న సూర్యుడు మీ నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. రోళ్ళు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తె ఈ రోజుల్లోదే. కాబట్టి ఉత్తరపు కిటికీలకూ సజ్జా వేయించండి.

నైరుతి పడకగది విషయంలో వాస్తుకూ వేడికీ చిక్కు ఉన్నట్టు కనిపిస్తుంది కాని, నిజానికి లేదు. సాయంత్రపు ఎండంతా తినేది ఆ గది పడమటి గోడే. ఆ గోడకు కిటికీ పెట్టకుండా, నేల నుంచి కప్పు దాకా బట్టల అరలు కట్టించండి. బీరువా నైరుతిలో ఉండాలన్న మాట కూడా నెగ్గుతుంది, బట్టల దొంతరలు, వాటి మధ్య గాలి కలిసి వేడిని ఆపుతాయి. ఆ గది గాలికి దక్షిణాన పెద్ద కిటికీ, ఎదురుగా ఉత్తరం వైపు గోడలో తలుపు మీద వెంటిలేటరు ఉంచండి. మెట్లు, స్నానాల గది, సామాన్ల గది వంటివి పడమటి వరుసలోకి నెట్టగలిగినంత నెట్టండి.

గాలి గురించి చెప్పాలంటే, మీ ఊరికి సముద్రం ఆగ్నేయాన ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో చల్లగాలి దక్షిణ, ఆగ్నేయ దిక్కుల నుంచి వస్తుంది. ఉక్కపోత ఉన్న తీరంలో ఒంటి మీద చెమట ఆరడానికి గాలి కదలికే మందు. ఎయిర్ కూలర్లు, వట్టివేళ్ళ తడికలు పొడి గాలి ఉన్న చోట్ల పనిచేసినట్టు ఇక్కడ పనిచేయవు. ఎకో నివాస్ సంహిత ప్రకారం ఇలాంటి ఉక్క ప్రాంతంలో తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకూడదు. పది పన్నెండు అడుగుల గదికి 20 చదరపు అడుగులు తెరుచుకోవాలన్నమాట. ఇక్కడే యూపీవీసీ స్లైడింగ్ కిటికీలు మోసం చేస్తాయి. నాలుగడుగుల చదరపు కిటికీ అయినా ఒక రెక్క ఇంకో రెక్క మీదికి జరగడమే కాబట్టి, గాలికి దక్కేది సగమే, ఎనిమిది చదరపు అడుగులు. పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీలు చేయించండి. పాత ఇంటి టేకు రెక్కలు, గుమ్మాలు చెదలు పట్టకుండా ఉంటే, వాటిని సాపు చేయించి వాడితే చెట్టూ మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది.

రెండు పొరల అద్దాల కిటికీలు పగలంతా మూసి ఉండే, ఏసీ ఆగకుండా నడిచే కట్టడాలకు. మీరు సంవత్సరంలో ఎక్కువ రోజులు కిటికీలు తెరిచి ఉంచుకుంటారు. తెరిచిన కిటికీకి ఎన్ని పొరల అద్దం ఉంటే ఏం లాభం? ఆ సొమ్ము పైకప్పు ఫోమ్ పలకలకు మళ్ళించమని అబ్బాయికి నా మాటగా చెప్పండి. ఏసీ కావాలంటే ఒక్క గదికి, అత్తగారి గదికి పెట్టుకోండి. ఫ్యాన్లు మాత్రం మొదటి రోజు నుంచే బీఎల్‌డీసీ రకానివి, అంటే కరెంటు తక్కువ తినే మోటారు ఉన్నవి కొనండి. 75 వాట్ల పాత ఫ్యాను చేసే పనిని ఇది 35 వాట్ల లోపే చేస్తుంది. ఐదు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 70 యూనిట్ల దాకా మిగులుతాయి.

గోడలకు ఏఏసీ ఇటుక చెడ్డది కాదు. వేడిని బాగా ఆపుతుంది, తేలికగా ఉంటుంది. నీటిని త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి, తుఫాను వాన అడ్డంగా కొట్టే తీరంలో బయటి ప్లాస్టరింగు పనితనం మీద అంతా ఆధారపడుతుంది, ఆ పనితనం మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో మీరే చూసుకోవాలి. నా మొగ్గు ఫ్లయాష్ ఇటుకల వైపు. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఈ ఇటుకకు పొలం మన్ను తవ్వనక్కర లేదు, బట్టీ కాల్చనక్కర లేదు. పడమటి గోడను తొమ్మిది అంగుళాల మందాన ర్యాట్ ట్రాప్ బాండ్‌లో, అంటే ఇటుకలను పక్కకు నిలబెట్టి నడుమ ఖాళీ వదిలి కట్టే పద్ధతిలో కట్టించండి. ఇటుకలు నాలుగో వంతు దాకా ఆదా అవుతాయి, గోడ లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. మేస్త్రికి అలవాటు లేకపోతే ముందు ప్రహరీ గోడ మీద పదడుగులు కట్టించి చేయి తిరిగేలా చేయండి. పునాదికి, మెట్లకు, గచ్చుకు రాయి కోసం టెక్కలి దాటి వెళ్ళనక్కర లేదు. అక్కడి గ్రానైట్ యూనిట్లలో మిగిలే ముక్కలు మీ వసారాకు సరిపోతాయి.

మీ ఉత్తరంలో మీరు చివరన, తేలికగా రాసిన మాటే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. బోరు నీరు ఉప్పన అన్నారు. నౌపడ ఉప్పు మళ్ళ నేల అది. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అది దాటితే ఊచ లోపలే తుప్పు పట్టి, ఉబ్బి, పదిహేనేళ్ళు తిరగకుండానే స్లాబు పెచ్చులు ఊడుతుంది. పదిహేనేళ్ళకే కూల్చవలసిన ఇల్లు ఎంత కరెంటు ఆదా చేసినా పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు. సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిసరుకును క్లింకర్ అంటారు, అది ఒక టన్ను తయారీలో 0.8 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. దాన్ని రెండుసార్లు ఖర్చు చేయడం కంటే చేటు ఏముంటుంది? అందుచేత పని మొదలయ్యే ముందే నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. పరిమితి దాటితే పోతకూ, తడపడానికీ మంచినీటి ట్యాంకర్లే తెప్పించండి; రెండున్నర లక్షల్లో మొదటి వాటా దీనికే. సముద్రపు ఒడ్డు ఇసుకను గుమ్మంలోకి కూడా రానివ్వకండి. ఉప్పును తట్టుకోవడంలో స్లాగ్ సిమెంటు, అంటే ఇనుము కొలిమిలో మిగిలే చిట్టెం పొడి కలిపిన సిమెంటు, సాధారణ సిమెంటు కంటే మెరుగు, క్లింకర్ కూడా అందులో తక్కువ. అయితే అది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి, ఏడు రోజులు చాలన్నా వినకుండా కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలి.

సోలార్ విషయంలో అబ్బాయి మాట సరైనదే, వరుసలో కాస్త వెనుక ఉండాలి, అంతే. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయలు రాయితీ వస్తుంది. ఒక కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, సుమారు వంద చదరపు అడుగుల చోటు తీసుకుంటుంది. కప్పును, ఫ్యాన్లను నేను చెప్పినట్టు చూసుకుంటే మీకు 2 కిలోవాట్లు చాలు. డబ్బు ఈ ఏడాది అందకపోతే పలకలు వచ్చే ఏడాది పెట్టించుకోవచ్చు. వాటి స్టాండు కాళ్ళకు బోల్టులు, కరెంటు తీగకు గొట్టం మాత్రం స్లాబు పోసే రోజునే అమర్చాలి. తిత్లీ గాలికి కాంక్రీటు దిమ్మెల బరువు మీద ఊరికే నిలబెట్టిన సామాను ఎలా కొట్టుకుపోయిందో పలాస వైపు మా బంధువుల డాబా మీద చూశాను. మన తీరంలో కట్టడాలను సెకనుకు 50 మీటర్ల గాలికి, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగానికి లెక్కగట్టాలన్నది ప్రమాణం. స్టాండు ఆ లెక్కకు తగినదేనని రాతపూర్వకంగా తీసుకోండి. లైను కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టరు కూడా ఆగిపోతుందన్న సంగతి అమ్మేవాళ్ళు చాలామంది చెప్పరు. తుఫాను తరువాత రోజుల తరబడి కరెంటు రాని ఊరు కాబట్టి, బ్యాటరీ కలపగలిగే హైబ్రిడ్ ఇన్వర్టరు ధర కూడా అడగండి.

వాననీటి తొట్టి తప్పక కట్టించండి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లే కురిసిందనుకున్నా మీ కప్పు మీద 93 వేల లీటర్లు పడుతుంది, అందులో 70 వేల పైన పట్టుకోవచ్చు. బోరు ఉప్పన ఉన్న ఇంట్లో ఇది బంగారంతో సమానం. తెల్ల టైల్ ముక్కల కప్పు మీది నీరు, తొలి వానను వదిలేస్తే, శుభ్రంగానే ఉంటుంది. సున్నం పూసిన కప్పు నీటిని మాత్రం మొక్కలకు, నేలలో ఇంకించడానికి వాడండి.

సర్టిఫికెట్ జోలికి వెళ్ళవద్దు. అమ్మకానికి పెట్టే అపార్ట్‌మెంట్లకు అది కొనేవారి నమ్మకం కోసం పనికివస్తుంది. మీరు మీ ఇంట్లో మీరే ఉంటారు. ఆ రుసుములతో నీటి పరీక్ష, ఇంజనీరు ఫీజు రెండూ తీరతాయి.

ఇప్పుడు వెంటనే చేయవలసిన పని ఒకటి ఉంది. పాత ఇంటిని పొక్లెయిన్‌కు అప్పగించకండి, అది గంటలో అన్నిటినీ చెత్త చేస్తుంది. నలుగురు కూలీలను పెట్టి పెంకులు, వాసాలు, గుమ్మాలు చేతితో దింపించండి. దింపిన పెంకులను వేలి గణుపుతో తట్టి చూడండి. ఖంగుమన్నవి స్లాబుకు, బొంగురు మోగినవి పునాది నింపుడుకు వెళ్ళాలి. మంచివాటిని నీడలో, గోడకు ఆనించి నిలువుగా పేర్చండి. పడుకోబెట్టి దొంతర వేస్తే అడుగువి పగులుతాయి.